పై అంతస్తు వాళ్ళతో మాటలు లేక పదహారు నెలలు. సంక్రాంతి పండక్కి ముందు ఎలా కలపాలి?

నున్నరోడ్డు_ఇల్లాలు · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారమండీ. ఈ సంగతి మా వాళ్ళెవరితో చెప్పినా ఏదో ఒక పక్క తీసుకుని మాట్లాడుతున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది విజయవాడలో పాయకాపురం. ఫ్లోరుకి ఒక్క ఇల్లు చొప్పున నాలుగు ఇళ్ళున్న చిన్న బిల్డింగు. మేం గ్రౌండ్ ఫ్లోరు, వాళ్ళు రెండో అంతస్తు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. పాల ప్యాకెట్ కోసం మా ఆయన గేటు తీస్తే చీలమండల దాకా నీళ్ళు. వాన నీళ్ళేలే అనుకున్నాం. కాసేపటికే మంచం కోళ్ళు మునిగాయి. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయన్న సంగతి మాకు అప్పటికి తెలియదు. రెండేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని, సర్టిఫికెట్ల సంచీ ఒకటి పట్టుకుని మెట్లెక్కాం. మొదటి అంతస్తు వాళ్ళది తాళం. రెండో అంతస్తు అక్క తలుపు తీసి, ఒక్క మాట కూడా అడక్కుండా పిల్లాణ్ణి తన చేతుల్లోకి తీసుకుంది.

ఐదు రోజులు వాళ్ళింట్లోనే ఉన్నాం. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. పై ట్యాంకులో ఉన్న నీళ్ళు చెంబులతో లెక్కపెట్టుకున్నాం. వాళ్ళ అత్తగారు, అందరం మామ్మగారనే పిలుస్తాం, ఉన్న బియ్యం, ఉన్న ఆవకాయ తొమ్మిది మందికి సర్దింది. డ్రోన్లతో పొట్లాలు వచ్చేదాకా మాకు ఆ జాడీయే దిక్కు. నీళ్ళు తీశాక ఫైరింజన్ వచ్చి ఇళ్ళు కడుగుతుంటే, ఆవిడే స్టీలు డబ్బాలో పులిహోర పెట్టి కిందకి పంపింది. ఆ డబ్బా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. అసలు నన్ను నిద్రపోనివ్వనిది అదే.

గొడవ మోటారు దగ్గర వచ్చింది. సంపులో బురద తీయించి, మోటారు కాయిల్ మార్పించడానికి 16,000 అయింది. ఇంటికి నాలుగు వేలు. పై అంతస్తు అన్నయ్యగారు "కింద వాళ్ళకి ప్రభుత్వం 25,000 ఇచ్చింది, మాకు పది వేలే. మీరు సగం పెట్టుకోండి" అన్నారు. మాకు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బండి, పరుపులు, బీరువాలో పెళ్ళి చీరలు అన్నీ పోయాయి. ఒళ్ళు మండిపోయింది. మెట్ల మీద అందరూ ఉండగానే "ఐదు రోజులు అన్నం పెట్టినందుకు ఇప్పుడు బిల్లు వేస్తున్నారా?" అనేశాను.

అక్క ఆయన వెనకాలే నిలబడి ఉంది. నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. అంతే. ఆ రోజు నుంచి మాట లేదు. ఆ కోపంలో మేం ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. మోటారు మాత్రం వారంలో బాగైంది.

ఇప్పుడు వాళ్ళు పండగ వెళ్ళాక ఇల్లు అద్దెకిచ్చి గన్నవరం వైపు వెళ్ళిపోతున్నారట. వెళ్ళేలోపు మాట్లాడాలని ఉంది. మెట్ల దాకా వెళ్తాను, కాళ్ళు ఆగిపోతాయి. తలుపు మొహం మీద వేసేస్తే? మీలో ఎవరైనా ఇలా తెగిన మాట కలిపినవాళ్ళు ఉంటే చెప్పండి.

కృష్ణలంక_బిడ్డ · సోమవారం రాత్రి 11:05

అక్కా, ఇంత రాసిన ఓపికలో సగం చాలు, మెట్లెక్కొచ్చు. రేపే వెళ్ళండి. ఆ నెలలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన వదిలినప్పుడు, రిటైనింగ్ వాల్ ఉన్నా మా వీధిలో ఎవ్వరం పడుకోలేదు. ఆ రాత్రి పక్కింటి వాళ్ళే చుట్టాలు. మీరు అన్నది తప్పు మాటే, కాదనను. కానీ ఐదు రోజులు ఒకే చెంబు నీళ్ళు పంచుకున్నవాళ్ళు పరాయివాళ్ళెలా అవుతారు?

బ్రాడీపేట_మాస్టారు · మంగళవారం ఉదయం 6:20

అమ్మా, నా అనుభవం చెబుతాను.

మా తమ్ముడికీ నాకూ తెనాలి దగ్గర పొలం గట్టు విషయంలో మాట తెగింది. 1998 నుంచి ఆరేళ్ళు. నాన్నగారి తద్దినం కూడా ఇద్దరం విడివిడిగా పెట్టేవాళ్ళం. ఒకే తండ్రికి, ఒకే తిథినాడు, రెండు ఇళ్ళలో. ఆ రోజు విస్తరి ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. వాడికీ దిగలేదని తర్వాత తెలిసింది.

పెద్దమనుషుల్ని పంపాను, కుదరలేదు. ఉత్తరం రాశాను, అందులో నా తప్పు రెండు వాక్యాలు, వాడి తప్పు రెండు పేజీలు. అదీ పని చేయలేదు. చివరికి మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. వంటవాళ్ళతో బేరమాడడం, సరుకుల చీటీ రాయించడం నాకు చేతకావు. ఆ పనుల్లో వాడు దిట్ట. ఫోన్ చేసి "ఒరే, వంటవాళ్ళని నువ్వే మాట్లాడాలిరా" అన్నాను. గట్టు ఊసు లేదు, క్షమాపణ లేదు. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఎంతమందికి అన్నయ్యా?" అన్నాడు.

అందుకని నా సలహా ఇది. వాళ్ళకేదో ఇవ్వడానికి వెళ్ళకండి, వాళ్ళని ఏదైనా అడగడానికి వెళ్ళండి. సాయం చేస్తే అవతలివాళ్ళు ఋణపడినట్టు ఉంటుంది. అడిగితే, నువ్వు లేకపోతే నాకు జరగదని ఒప్పుకున్నట్టు. గొడవపడినవాళ్ళకి ఆ ఒక్క మాటే కావాలి.

పటమట_ఉద్యోగిని · మంగళవారం ఉదయం 9:15

నాది కొంచెం వేరే మాట. ఎవరూ నొచ్చుకోవద్దు.

"అందరితో మంచిగా ఉండు, పాజిటివ్‌గా ఉండు" అని నాకు చిన్నప్పటి నుంచి చెప్పి చెప్పి, నేను ఎవరికీ కాదనడం నేర్చుకోలేదు. ఆఫీసులో పక్క సీటు వాళ్ళ ఫైళ్ళు నేనే చూసేదాన్ని. ఇంట్లో ఆడపడుచు పిల్లల హోంవర్క్ నేనే చేయించేదాన్ని. మొహం మీద నవ్వు, లోపల మంట. ఒకరోజు బెంజ్ సర్కిల్ దగ్గర బస్సులో నిలబడి ఉండగా కారణం లేకుండా ఏడుపొచ్చేసింది. అప్పుడు తెలిసింది, నేను నిలుపుకుంటున్నవి సంబంధాలు కాదు, నా గురించి వాళ్ళకున్న మంచి అభిప్రాయాన్ని. "ఈ వారం కుదరదు వదినా" అని మొదటిసారి అన్న రోజు చేతులు వణికాయి. ఆవిడ "సరేలే" అని ఫోన్ పెట్టేసింది, అంతే. ఇప్పుడు మేమిద్దరం ఇదివరకటి కంటే దగ్గరగా ఉన్నాం, ఎందుకంటే నేను వస్తానన్నప్పుడు ఇష్టంగానే వస్తున్నానని ఆవిడకి తెలుసు.

మీ విషయానికొస్తే, అన్నం మాట మీద క్షమాపణ చెప్పండి, తప్పకుండా. కానీ ఆ 25,000 మాట మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో కూడా చెప్పండి. ఇంటిల్లిపాది సామాను పోగొట్టుకున్నవాళ్ళతో అనే మాట కాదది. మొత్తం తప్పు మీరే నెత్తిన వేసుకుని వస్తే, ఆరు నెలల తర్వాత లోపలి నుంచి మళ్ళీ అదే మంట లేస్తుంది.

కృష్ణలంక_బిడ్డ · మంగళవారం ఉదయం 9:40

పటమట అక్కా, మొదటి రోజే లెక్కలు తీస్తే మళ్ళీ గొడవే కదా?

పటమట_ఉద్యోగిని · మంగళవారం ఉదయం 9:52

మొదటి రోజే అనలేదు తమ్ముడూ. ఎప్పుడో ఒకరోజు చెప్పాలి అంటున్నాను. గొంతు పెంచకుండా.

టిక్కీ_గుంటూరు · మంగళవారం మధ్యాహ్నం 2:30

మాది గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు. నాన్నగారి తర్వాత నేను చూస్తున్నాను. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి యార్డు అని పేరు. వేల మంది రైతులు, హమాలీలు, గుమస్తాలు, ఎగుమతి వ్యాపారులు. రోజూ కోట్లు చేతులు మారతాయి, అందులో చాలావరకు మాట మీదే. అందుకే మాట తెగడం, కలవడం మేం దగ్గరగా చూస్తాం.

2025 మొదట్లో రేటు ఎలా పడిపోయిందో మీకందరికీ తెలుసు. చివరికి కేంద్రం ఫిబ్రవరిలో క్వింటాలుకి 11,781 రూపాయలు మద్దతుగా ప్రకటించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో రైతు మొహం చూడలేకపోయేవాళ్ళం. పల్నాడు నుంచి ముప్పై ఏళ్ళుగా మాకే సరుకు వేసే పెద్దాయన నలభై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు తెచ్చాడు. తక్‌పట్టీ, అంటే సరుకు లెక్క చీటీ చూసుకుని "నాకు అన్యాయం చేశారు" అన్నాడు. మా గుమస్తా పెద్దగా మాట్లాడాడు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి సరుకు వేరే కొట్టుకి వెళ్ళింది.

నేను ఫోన్ చేశాను, ఎత్తలేదు. పండక్కి స్వీట్ బాక్సు పంపాను, తిరిగొచ్చింది. అప్పుడు కూర్చుని ఆ రోజు చీటీలన్నీ తిరగేశాను. రెండు ఎర్ర టిక్కీలు తాలు కింద, అంటే నాసి కాయ కింద రాసేశారు మావాళ్ళు. నాలుగు వేల చిల్లర తేడా. తప్పు మాదే. డబ్బు, తక్‌పట్టీ దిద్దిన కాగితం రెండూ తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. ముందు ఆ కాగితం చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. డబ్బు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని "మజ్జిగ తాగుతావా" అన్నాడు.

అందుకే అమ్మా, మిమ్మల్నొకటి అడుగుతాను. ఆ మోటారుకి మీ వాటా నాలుగు వేలు ఎవరు ఇచ్చారు? పదహారు నెలలుగా మీ ఇంటి కుళాయిలో నీళ్ళు ఆ మోటారుతోనే వస్తున్నాయి కదా. ముందు అది కనుక్కోండి. లెక్క తేలకుండా అరిసెలు పంపితే, నేను పంపిన స్వీట్ బాక్సులాగే అవుతుంది.

నున్నరోడ్డు_ఇల్లాలు · మంగళవారం రాత్రి 9:10

అన్నయ్యగారూ, మీ మాట చదివి సిగ్గుతో తల దించుకున్నాను. నిజంగానే నేను ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఇవ్వాల్సి వస్తుందని కావచ్చు.

సాయంత్రం మూడో అంతస్తు ఆయన్ని అడిగాను. ఆయన లోపలికెళ్ళి ఫైలు తెచ్చి రసీదు చూపించారు. మా వాటా నాలుగు వేలు అక్క ఇచ్చిందట. అన్నయ్యగారికి కూడా చెప్పొద్దందట. రసీదు మీద మా ఆయన పేరు రాయించింది. "కింద వాళ్ళు కట్టలేదన్న మాట బిల్డింగులో ఉండకూడదు" అందట.

ఇక ఏం రాయను. పిల్లాడికి అన్నం పెడుతూ ఏడుస్తూనే ఉన్నాను.

రాజరాజేశ్వరిపేట_వాసి · మంగళవారం రాత్రి 9:35

అక్కా, ఏడవండి, ఫర్వాలేదు. మేమూ ఆ నీళ్ళలోనే ఉన్నాం. నాకు ఆ తర్వాత ఏడాది పాటు రాత్రి వాన చప్పుడు వినిపిస్తే గుండె దడ. లేచి లైటు వేసి గుమ్మం దగ్గర నేల తడిమి చూసేదాన్ని. చిన్న మాటకి మా ఆయన మీద అరిచేదాన్ని, పక్కింటావిడతో కూడా అలాగే చెడింది. నా నోరే అలాంటిది అనుకునేదాన్ని.

మా అమ్మాయి బలవంతం మీద 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్ అంటారు, 2022 నుంచి నడుస్తోంది, డబ్బులేమీ ఉండవు, రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు. అవతల అమ్మాయి ఎంత నెమ్మదిగా విన్నదో. అంత నష్టం చూసిన తర్వాత నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం చాలామందికి జరుగుతుందని చెప్పింది. నాలుగైదు సార్లు మాట్లాడాక నిద్ర పట్టడం మొదలైంది. ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజు మెట్ల మీద అరిచింది మీరొక్కరే కాదు. మీరూ, ఆ అన్నయ్యగారూ, అందరూ నిద్రల్లేని మనుషులు. ఆ వారంలో అన్న మాటలతో ఎవరినీ కొలవకండి, మిమ్మల్ని కూడా.

మనసు_చదువు · బుధవారం ఉదయం 7:45

నేను గుంటూరులో ఉంటాను, సైకాలజీ పీజీ చేస్తున్నాను. నున్నరోడ్డు అక్క "తలుపు మొహం మీద వేసేస్తే?" అన్నారు కదా, దాని గురించే రెండు మాటలు.

అవతలివాళ్ళు మాట్లాడకుండా ఉంటే, మన మనసు ఆ మౌనానికి ఒకే అర్థం చెబుతుంది, కోపం అని. కానీ అదే మౌనానికి ఇంకా అర్థాలు ఉంటాయి. బిడియం కావచ్చు. మీరు పలకరిస్తారని ఎదురుచూపు కావచ్చు. మాట్లాడితే మళ్ళీ ఏమంటుందో అన్న భయం కావచ్చు. ఇప్పుడు రసీదు సంగతి తెలిశాక ఏ అర్థం దగ్గరగా ఉందో మీకే తెలుస్తోంది. పాజిటివ్‌గా ఆలోచించడం అంటే అంతా బాగుందనుకోవడం కాదని మా మేడమ్ చెబుతారు. చెడ్డ అర్థం ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకుండా, మిగతావి కూడా నిజం కావచ్చని వాటికి చోటు ఇవ్వడం.

ఇంకొకటి. 2022లో అమెరికాలో పెగ్గీ లియూ అనే ఆవిడ బృందం ఐదు వేల మందికి పైగా మనుషులతో వరసగా ప్రయోగాలు చేసింది. చాలాకాలంగా పలకరించని వాళ్ళకి ఒక చిన్న కబురో చిన్న కానుకో పంపమన్నారు. పంపినవాళ్ళు "వాళ్ళేం పట్టించుకుంటారులే" అనుకున్నారు. అందుకున్నవాళ్ళు మాత్రం వీళ్ళు ఊహించినదానికంటే చాలా ఎక్కువ సంతోషించారు. అనుకోకుండా వచ్చిన పలకరింపు అయితే ఇంకా ఎక్కువ.

హార్వర్డ్ వాళ్ళ పెద్ద పరిశీలన గురించి చాలామంది వినే ఉంటారు. 1938లో మొదలుపెట్టి 724 మంది మగవాళ్ళని, ఇటు చదువుకుంటున్న కుర్రాళ్ళు, అటు బోస్టన్ పేదవాడల పిల్లలు, ముసలివాళ్ళయ్యేదాకా అనుసరించారు. యాభై ఏళ్ళప్పుడు దగ్గరివాళ్ళతో సఖ్యంగా ఉన్నవాళ్ళే ఎనభైలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు. ఆ వయసులో ఉన్న కొలెస్ట్రాల్ కంటే ఈ సంగతే ముందు ముందు ఎలా ఉంటారో బాగా చెప్పిందట. అది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. కొత్తపేటలో వీధరుగు మీద రోజూ సాయంత్రం ఐదుగురు ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. అరుగులు కొట్టేసి పార్కింగ్ కట్టాక అమ్మమ్మ మాటలు తగ్గాయి, నడక తగ్గింది. మేం అది వయసు వల్ల అనుకున్నాం.

వన్‌టౌన్_కొట్టు · బుధవారం మధ్యాహ్నం 1:20

అమ్మాయ్, ఆ డబ్బా మీద పేరు కొట్టి ఉందా?

మాది వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు. ముప్పై ఏళ్ళుగా పేర్లు కొడుతున్నాను. పెళ్ళి సారె సామాను, శ్రీమంతం గిన్నెలు, చనిపోయినవాళ్ళ పేరున పంచే పళ్ళేలు, అన్నీ నా చేతి మీదుగా వెళ్ళినవే. ఊళ్ళో అందరూ "పోకుండా పేరు కొట్టండి" అంటారు. నాకైతే ఇంకోలా అనిపిస్తుంది. గిన్నె పక్కింటికి వెళ్తుందని ముందే తెలుసు కాబట్టే పేరు కొట్టిస్తారు. ఇంట్లోనే ఉండే గిన్నెకి పేరెందుకు? పదేళ్ళ క్రితం పెళ్ళి సామానులో చిన్న డబ్బాలు ఒక డజను తీసుకునేవాళ్ళు, ఇచ్చిపుచ్చుకోవడానికని. ఇప్పుడు మూడు చాలంటున్నారు. మిగతావాటికి ప్లాస్టిక్ డబ్బా, తిరిగి ఇవ్వక్కర్లేదు అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ. తిరిగి ఇవ్వక్కర్లేని గిన్నె అయితే రెండోసారి ఆ గుమ్మం ఎక్కే పనేముంది?

మూత ఉందో లేదో కూడా చూడు. ముందు పోయేవి మూతలే.

నున్నరోడ్డు_ఇల్లాలు · బుధవారం మధ్యాహ్నం 3:00

ఉందండీ బాబాయిగారూ. అడుగున మామ్మగారి పేరు, కింద సంవత్సరం 1979. చుక్కలు చుక్కలుగా చేత్తో కొట్టిన అక్షరాలు, సగం అరిగిపోయాయి. ఆవిడ కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న డబ్బా అనుకుంటా. ఒక పక్క చిన్న సొట్ట. మూత మాత్రం లేదు. ఆ రోజు అరిటాకు ముక్క కప్పి పంపారు.

వన్‌టౌన్_కొట్టు · బుధవారం మధ్యాహ్నం 3:25

అయితే కొత్త మూత కొనకు. పులిసిన చింతపండుతో తోమి, అలాగే తీసుకెళ్ళు. ఖాళీగా మాత్రం ఇవ్వకు.

భవానీపురం_తండ్రి · బుధవారం సాయంత్రం 6:10

ముందు ఆ నాలుగు వేలు ఆ అక్కగారికి ఫోన్‌లో పంపేయండి. డబ్బు ముట్టినట్టు మెసేజ్ వెళ్తుంది, ఆవిడకీ మీరు తెలుసుకున్నారని అర్థమవుతుంది. తర్వాత కలవడం సులువు.

బ్రాడీపేట_మాస్టారు · బుధవారం సాయంత్రం 6:45

నాయనా, మీ ఉద్దేశం మంచిదే. కానీ ఆవిడ భర్తకి కూడా చెప్పకుండా ఇచ్చింది. ఫోన్‌లో పడితే ఆ ఇంట్లో ఎవరు చూస్తారో మనకి తెలియదు. ఆవిడ దాచిన మంచిని మనం బయటపెట్టి ఇబ్బంది పెట్టకూడదు. చేతికి ఇవ్వాలి, ఒంటరిగా ఉన్నప్పుడు.

టిక్కీ_గుంటూరు · బుధవారం సాయంత్రం 7:02

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

రాజరాజేశ్వరిపేట_వాసి · బుధవారం రాత్రి 8:15

అక్కా, మీ బాబుకి ఇంకా ఐదేళ్ళు నిండలేదుగా? భోగిపళ్ళు పోయించండి. మామ్మగారిని పోయమని అడగండి. మాస్టారు అడగడానికి వెళ్ళమన్నారు కదా, ఇంతకంటే మంచి అడుగు ఏముంటుంది? బొట్టు పెట్టి పిలిస్తే కాదనేవాళ్ళు ఉండరు.

పటమట_ఉద్యోగిని · బుధవారం రాత్రి 8:40

ఇది బాగుంది. రసీదు సంగతి చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. మీ బాధ చెప్పండి అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. కానీ చెప్పాల్సింది అన్నయ్యగారితో, అక్కతో కాదు. అక్కకి చెప్పాల్సింది వేరే ఉంది.

నున్నరోడ్డు_ఇల్లాలు · ముక్కనుమ నాడు రాత్రి 9:50

అందరూ నన్ను అడుగుతూనే ఉన్నారు, ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు.

భోగికి ముందు రోజు మధ్యాహ్నం వెళ్ళాను. అన్నయ్యగారు ఇంట్లో లేని వేళ చూసుకుని. ఒక చేతిలో కుంకుమ భరిణె, ఒక చేతిలో డబ్బా, అందులో పది అరిసెలు. మొదటి మెట్టు మీద పిల్లాడు "అమ్మా, పద" అని కొంగు లాగాడు. వాడికి ఆ ఇల్లు గుర్తు లేదు.

అక్క తలుపు తీసింది. ఇంటి నిండా అట్టపెట్టెలు, సగం సామాను కట్టేసి ఉంది. నేను మాట్లాడాలని వెళ్ళినవన్నీ మర్చిపోయాను. "రేపు వీడికి భోగిపళ్ళు. మామ్మగారు పోయాలి, మీరూ రావాలి అక్కా" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, మెడ ముందుకు వంచింది. బొట్టు పెట్టాను. నా వేలు వణుకుతుంటే ఆవిడే నా మణికట్టు పట్టుకుంది.

తర్వాత వంటింట్లోకి వెళ్ళాం. డబ్బు చేతిలో పెట్టాను. "ఎవరు చెప్పారు?" అంది. చెప్పాను. "ఆ రోజు నేనన్న మాట మహాపాపం అక్కా, మీ అన్నం తిని అన్న మాట" అన్నాను. ఆవిడ వెంటనే ఫర్వాలేదు అనలేదు. స్టౌ కట్టేసి, కాసేపు కిటికీలోంచి చూసి, "ఆ మాట నాకు చాలా రోజులు నొప్పెట్టింది. ఆయన అన్నదానికి నన్నెందుకు అన్నావా అని" అంది. నేను ఏమీ సర్దిచెప్పలేదు. పటమట అక్క గుర్తొచ్చారు, అందుకే విన్నాను, ఊరికే. అంతా అయ్యాక "నాకూ ఆ 25,000 మాట అలాగే ఉంది అక్కా" అన్నాను. "తెలుసు" అంది. డబ్బు తీసుకుంది. తీసుకోకపోతే నాకు బాధగా ఉండేది.

భోగి సాయంత్రం మామ్మగారు మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని దిగారు. రేగుపళ్ళు, చిల్లర, చెరుకు ముక్కలు, బంతిపూల రెక్కలు కలిపి వాడి తల చుట్టూ మూడుసార్లు తిప్పి పోశారు. అక్క పక్కనే ఉంది. అన్నయ్యగారు గుమ్మం బయట నిలబడ్డారు, లోపలికి రాలేదు. మా ఆయన కాఫీ గ్లాసు బయటికే తీసుకెళ్ళి ఇచ్చారు. ఇద్దరూ గేటు దగ్గర నిలబడి లారీ ఎప్పుడొస్తుంది, ఎంత అడుగుతున్నాడు అని మాట్లాడుకున్నారు. అంతవరకే. ఆయనతో నా మాట ఇంకా మిగిలే ఉంది.

ఇవాళ పొద్దున లారీ వచ్చింది. నేను సర్దడానికి పైకి వెళ్ళాను. మామ్మగారు ఆ డబ్బాలో సున్నుండలు పెట్టి నా చేతికిచ్చారు. మళ్ళీ ఇదేంటి మామ్మగారూ, మీ డబ్బా మీకు ఇవ్వడానికేగా తెచ్చింది అన్నాను. ఆవిడ వంటింటి గట్టు మీద ఉప్పు జాడీ పైనున్న మూత తీసి, చీర చెంగుతో తుడిచి, డబ్బా మీద పెట్టి అరచేత్తో ఒక్కసారి నొక్కారు. పదహారు నెలలుగా ఆ మూత ఉప్పు జాడీ మీదే ఉందట.

"గన్నవరం ఎంత దూరమే, బస్సెక్కితే గంట. వచ్చేటప్పుడు తీసుకురా" అన్నారు.

సున్నుండలు పిల్లాడు మూడు తినేశాడు. డబ్బా తోమి బోర్లించాను. వచ్చే ఆదివారం వెళ్దామని మా ఆయన అంటున్నారు. మామ్మగారికి పళ్ళు సరిగా లేవు, మెత్తగా ఏం చేసి తీసుకెళ్ళాలో మీరెవరైనా చెప్పండి.